మూడో ఫాస్ఫేటు వేరుకాపురం

సుబ్బరత్నానికి కోపం ఊరికే వచ్చేది కాదు. వచ్చిందంటే మాత్రం అంత తొందరగా పోయేదీ కాదు. 1976 ఫిబ్రవరిలో ఒక పరీక్ష రోజున వచ్చిన కోపం మూడేళ్లపాటు ఆమె లోపల కుంపట్లో నిప్పులా ఉండిపోయింది. అదంతా ఒక్క మార్కు గురించి. ఆ మార్కయినా ఆమెది కాదు, ఒక హమాలీ కూతురిది.

ఆమె పుట్టింది విస్సన్నపేటలో, పప్పుల కొట్టు వాళ్ల ఇంట్లో. వ్యాపారం చేసుకునే ఇంట్లో ఆడపిల్లకు మొక్కల చదువేమిటని బంధువులు దెప్పుతున్నా తండ్రి వినిపించుకోకుండా వాల్తేరు పంపి ఎమ్మెస్సీ చెప్పించాడు. ఆ చదువుతో ఆమె తిరువూరు వచ్చి, వడ్ల మిల్లు వాళ్ల మూడో కోడలై, పెరట్లో రుబ్బురోలు ముందు కూర్చుంది. మొగుడు కాశీవిశ్వనాథం నోట్లో నాలుక లేని మనిషి. పెళ్లాం చదువంటే ఆయనకు గౌరవమే గానీ, ఆ గౌరవాన్ని తల్లి ముందు బయటపెట్టే ధైర్యం లేదు.

జై ఆంధ్ర గొడవల్లో మూతబడ్డ చదువులు మళ్లీ మొదలైన ఏడాది, ఊరి పెద్దలు నలుగురూ కలిసి పాత పత్తి గోడౌనులో ఒక జూనియర్ కాలేజీ పెట్టారు. వృక్షశాస్త్రం చెప్పడానికి పైఊళ్ల నుంచి వచ్చిన ఇద్దరు లెక్చరర్లు నెల తిరక్కుండానే బెజవాడ బస్సెక్కి పోయారు. అప్పుడు ప్రిన్సిపాలు సీతారామారావు మిల్లుకొచ్చి, మీ ఇంట్లో ఒక ఎమ్మెస్సీ ఉందట కదండీ అని అడిగాడు. ఎవరింట్లోనో వాడకుండా పడి ఉన్న పంపుసెట్టు గురించి అడిగినట్టే అడిగాడు. అయినా సుబ్బరత్నం సంతోషంగానే ఒప్పుకుంది.

ఇబ్బంది అంతా నీళ్ల దగ్గర వచ్చింది. ఆ ఇంటికి పెరట్లో ఒకటే బావి, ఒకటే చేద. అత్తగారు గోవిందమ్మ పెట్టిన వరస ప్రకారం ముందు పెద్దకోడలు తోడుకోవాలి, తర్వాత రెండో కోడలు, ఆ తర్వాతే మూడో కోడలు. ఆ వరసలో స్నానం చేసి, వంటలో తన వంతు పని ముగించుకునేసరికి పదిన్నర దాటేది. కాలేజీ గంట పదింటికి కొట్టేవారు. ఓ రోజు సుబ్బరత్నం తెల్లవారకముందే లేచి తన నీళ్లు తాను ముందే తోడుకుంది. దాంతో ముగ్గురు తోడికోడళ్లూ బావి గట్టునే మాటామాటా అనుకున్నారు. సాయంత్రానికి గోవిందమ్మ, ఉద్యోగమో ఉమ్మడో తేల్చుకోమంది. సుబ్బరత్నం తేల్చుకుంది. బస్టాండు వెనక రెండు గదుల వాటాలోకి మారిపోయారు.

ఊళ్లో ఇల్లు విడగొట్టిన కోడలని పేరు పడింది. గోవిందమ్మ ఆ వాటా గుమ్మం తొక్కలేదు. విచిత్రం ఏమిటంటే, ఆర్నెల్లు తిరిగేసరికి తోడికోడళ్లు ముగ్గురూ బజారులో ఎదురైతే ఆగి నవ్వుతూ మాట్లాడుకునేవారు. పెద్ద తోడికోడలు మాగాయ కూడా పంపింది. ఒకే గట్టు మీద ఒకరినొకరు నెట్టుకున్నంతకాలం లేని స్థిమితం, వేరు పడ్డాక అందరికీ వచ్చింది. ఆ స్థిమితం అనే మాట ముందు ముందు ఎంత గొడవ తెస్తుందో సుబ్బరత్నానికి అప్పుడు తెలియదు.

కాలేజీలో తెలుగు మీడియం. పాఠ్యపుస్తకంలో ఎ.టి.పి. గురించి ఒక పేజీ ఉంది. జీవకణం ఏ పని చేయాలన్నా, కండ ముడుచుకోవాలన్నా, వేరు నీటిని లాగాలన్నా, చెయ్యి చాకిరీ చేయాలన్నా, అప్పటికప్పుడు శక్తినిచ్చే అణువు అదే. ఆ పేజీ చివర ఒక వాక్యం ఉంది. “అంత్య ఫాస్ఫేటు బంధములు అధిక శక్తి బంధములు. ఇవి విచ్ఛిన్నమైనప్పుడు శక్తి వెలువడును.” పిల్లలు ఆ వాక్యాన్ని మంత్రంలా బట్టీ పట్టేవారు. సుబ్బరత్నానికి ఆ వాక్యం చూస్తేనే ఒళ్లు మండేది. బంధం ఏదైనా సరే, తెంచడానికి శక్తి ఖర్చు పెట్టాలి గానీ, తెంచినందుకు ఎవరూ తెచ్చి చేతిలో పెట్టరు. మొద్దు చీల్చినవాడికి చెమట పడుతుంది తప్ప బలం రాదు. ఆ మాత్రం ఆలోచన లేకుండా పుస్తకం రాసినవాళ్లని, అది చదివి ఊరుకున్నవాళ్లని ఆమె మనసులో చాలా మాటలు అనేది.

అసలు పిల్లలకు మొదటి మాట దగ్గరే తంటా వచ్చింది. ఫాస్ఫేటు అనగానే క్లాసంతా గొల్లుమంది. ఆ ఊళ్లో ఫాస్ఫేటు అంటే ఎరువు. వరికీ పత్తికీ వేసే సూపర్ ఫాస్ఫేటు బస్తాలు గోడౌన్ల నిండా ఉంటాయి. అయితే మనం ఎరువు తింటామా మేడం అని వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు. అందరూ నవ్వుతుంటే కిటికీ పక్కన ఒక్క పిల్ల తల దించుకుని కూర్చుంది. ఆమె పేరు హన్నమ్మ. తండ్రి అంతోనయ్య ఎరువుల గోడౌనులో హమాలీ. ఆయన సాయంత్రం ఇంటికి వెళుతుంటే భుజాల మీద ఆ బూడిదరంగు పొడి అలాగే ఉండేది. తల్లి లేదు. ఆ పిల్ల ఒక్క ఏడు తప్పినా చదువు ఆగిపోతుందని, తర్వాత పత్తి చేలోకే వెళ్లాలని కాలేజీలో అందరికీ తెలుసు.

సుబ్బరత్నం ఆ నవ్వును ఆపలేదు, దాన్నే పాఠంలోకి తిప్పింది. తింటాం, అంది. ఎరువులో ఉన్న ఫాస్ఫేటు మట్టిలోకి, మట్టిలోంచి వరి వేరులోకి, వేరులోంచి గింజలోకి, అన్నంతో మన ఒంట్లోకి వస్తుంది. అంతోనయ్య బస్తా ఎత్తాడంటే, ఆ బస్తాలో ఉన్నదీ ఫాస్ఫేటే, బస్తాను ఎత్తిన కండలో పని చేసిందీ ఫాస్ఫేటే. హన్నమ్మ తలెత్తి బోర్డు వంక చూసింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల మొదటి బెంచీలోకి మారింది.

తర్వాత సుబ్బరత్నం బోర్డు మీద ఇల్లు కట్టింది. ఎడినిన్ అంటే రెండు గదుల ఇల్లు, మధ్యలో గోడ ఒకటే. ఒక గదికి ఆరు మూలలు, రెండో గదికి అయిదు. దాన్ని ఆనుకుని రైబోజ్ అనే చక్కెర, అయిదు మూలల వసారా. ఆ వసారా చివర వరసగా మూడు ఫాస్ఫేట్లు. మూడింటి మీదా ఒకే రకం విద్యుత్తు, రుణావేశం. అయస్కాంతాల్లో ఒకే ధ్రువాలు ఎదురైనట్టు అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, వదల్లేక పట్టుకుని ఉంటాయి. ఇరుకు వసారాలో ముగ్గురు తోడికోడళ్లు ఎలా ఉంటారో అలా, అని నోరు జారింది. క్లాసు మళ్లీ గొల్లుమంది. ఇక వెనక్కి తీసుకోవడం ఎందుకని ఆమె ముందుకే వెళ్లింది. నీటి అణువు వచ్చి మూడోదాన్ని వేరు చేస్తుంది. వేరుపడ్డాక ఇటు ఇంట్లో మిగిలిన ఇద్దరికీ ఊపిరాడుతుంది, అటు వేరుకాపురం పెట్టిన మూడోదానికీ ఊపిరాడుతుంది. అందరూ స్థిమితపడటంతో మిగిలిపోయిన పెనుగులాటే మనకు శక్తిగా దక్కుతుంది.

ఊరు ఎంత? మర్నాటికల్లా సంగతి బజారు వీధికి చేరింది. మిల్లు వాళ్ల మూడో కోడలు ఇంటి గుట్టు కాలేజీలో బోర్డు మీద బొమ్మ గీసి చెబుతోందట అన్నారు. రెండున్నరేళ్లుగా గుమ్మం తొక్కని గోవిందమ్మ ఆ సాయంత్రం బస్టాండు వెనక వాటాకు నడిచి వచ్చింది. కాశీవిశ్వనాథం తల్లిని చూసి, కాఫీ పొడి తెస్తానని బజారుకు జారుకున్నాడు.

గోవిందమ్మ తిట్టాల్సినవన్నీ తిట్టింది. సుబ్బరత్నం పలక మీద ఆ బొమ్మ మళ్లీ గీసి, పాఠమంతా మొదటి నుంచి చెప్పింది. అక్షరం ముక్క రాని ఆ మనిషి మూతి బిగించి చివరిదాకా వింది. అంతా అయ్యాక తప్పు పట్టింది.

“ఊరికే ఎవరూ వేరు పడరే,” అంది. “ముందు వాటా వెతుక్కోవాలి, బండి కట్టించుకోవాలి, కొత్త పొయ్యి వేసుకోవాలి. నలుగురి చేత మాట పడాలి. అదంతా ఖర్చు కాదూ? స్థిమితం ఆ తర్వాత సంగతి. నువ్వది చెప్పలేదు.”

సుబ్బరత్నం సుద్దముక్క కింద పెట్టేసింది. తెంచడానికి ముందు కొంత ఖర్చు పెట్టాలి, తర్వాత వచ్చేది అంతకంటే ఎక్కువ గనక మిగులు ఉంటుంది. వాల్తేరులో రెండేళ్లు చదివి తాను ఇంగ్లీషులో నేర్చుకున్న సంగతి అదే. పిల్లలకు తెలుగులో చెప్పడం మరిచిపోయిన సంగతీ అదే. బావి గట్టు మీద వరసలు పెట్టిన ముసలావిడ ఒక్క వినికిడితో దాన్ని పట్టేసింది.

“మరి ఆ పోయిందేదో మళ్లీ వచ్చి కలవదా?” అని అడిగింది గోవిందమ్మ లేస్తూ.

కలుస్తుందని చెప్పింది సుబ్బరత్నం. తిన్న తిండి నెమ్మదిగా ఖర్చవుతూ, విడిపోయిన ఫాస్ఫేటును తెచ్చి మళ్లీ ఆ వసారాలో కూర్చోబెడుతుంది. పొద్దుటి నుంచి పొద్దుటి దాకా అదే పని. ఒక రోజులో అలా విడిపోయి కలిసేదంతా తూచగలిగితే మనిషి బరువంత ఉంటుంది. గోవిందమ్మ ఆ వారం నుంచి అప్పుడప్పుడూ వాటాకు రావడం మొదలుపెట్టింది. సుబ్బరత్నం మర్నాడు క్లాసుకు వెళ్లి, ముందు పెట్టాల్సిన ఖర్చు సంగతి కూడా కలిపి పాఠం పూర్తి చేసింది. పుస్తకంలో వాక్యం తప్పని, దాన్ని నమ్మవద్దని పిల్లలకు సూటిగా చెప్పింది. అక్కడ తాను చేసిన పొరపాటు ఒక్కటే ఉంది. తప్పని చెప్పింది గానీ, పరీక్షలో ఏది రాయాలో చెప్పలేదు. నిజం చెప్పాక వేరే ఏదో రాయవలసిన అవసరం వస్తుందని ఆమెకు తోచలేదు.

ఫిబ్రవరిలో ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. ముప్పై మార్కులకు పదకొండు వస్తే పాసు. పదకొండు రాకపోతే మిగతా పేపర్లలో నూటికి నూరు వచ్చినా ఆ ఏడు పోయినట్టే. పరీక్షకు బయటి కాలేజీ నుంచి ఎగ్జామినరు వస్తాడు. మార్కుల జాబితా మీద ఆయనా, ఇక్కడి లెక్చరరూ ఇద్దరూ సంతకం పెడితేనే అది చెల్లుతుంది.

ఆ ఏడు వచ్చినవాడు వీరరాఘవయ్య గారు. డెల్టా వైపు ఏదో పెద్ద కాలేజీలో పని చేస్తాడు. బస్సు దిగింది మొదలు ఈ మెట్ట ఊళ్ల దుమ్ము గురించి, నీళ్ల రుచి గురించి వరసపెట్టి వంకలు చెప్పాడు. ప్రిన్సిపాలు ఇంట్లో పప్పూ నెయ్యీ గుమ్మడికాయ పులుసూ సుష్టుగా భోంచేసి వచ్చి, పిల్లలు చేసిన పని వైపు చూడకుండా కుర్చీలో వెనక్కి వాలాడు. హన్నమ్మ కోసిన కాండం ముక్క ఉల్లిపొరలా పలచగా వచ్చింది. మైక్రోస్కోపు కింద కణాలు ముగ్గు చుక్కల్లా విడివిడిగా కనిపిస్తున్నాయి. ఆయన దాని మీద కన్ను కూడా ఆనించలేదు. ఆ పిల్ల పేరు చదివి, ఎగాదిగా చూసి, ఎ.టి.పి. నిర్మాణం చెప్పమన్నాడు.

హన్నమ్మ బోర్డు మీద గీసింది. రెండు గదులు, వసారా, మూడు ఫాస్ఫేట్లు, ఒక్క గీత కూడా తప్పు పోలేదు. శక్తి ఎక్కడుంటుందని అడిగాడాయన.

“బంధంలో దాచిపెట్టినట్టు ఉండదు సార్,” అంది హన్నమ్మ. “మూడు ఫాస్ఫేట్లూ ఒకదాన్నొకటి నెట్టుకుంటా ఉంటాయి, ఇరుకింట్లో తోడికోడళ్ల మాదిరి. నీళ్లొచ్చి మూడోదాన్ని వేరు చేస్తాయి. వేరు పడటానికి ముందు కొంత ఖర్చవుద్ది. పడ్డాక అందరికీ స్థిమితం వస్తుంది. ఆ ఖర్చు పోను మిగిలిందే శక్తి సార్.”

ఆయన కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు. మీ నాన్న ఏం చేస్తాడని అడిగాడు. ఫాస్ఫేటు బస్తాలు మోస్తాడని చెప్పింది హన్నమ్మ. ఆ మాటకు ఆయన బొజ్జ అదిరేలా నవ్వాడు. అదీ సంగతి, ఎరువుల కొట్టు జ్ఞానం అన్నాడు. మిగతా పిల్లలెవరూ నవ్వలేదు. అంతకుముందు ఫాస్ఫేటు మాటకు గొల్లుమన్నవాళ్లే ఈసారి తలలు దించుకున్నారు.

సాయంత్రం నాలుగున్నరకు జాబితా సుబ్బరత్నం ముందుకు వచ్చింది. హన్నమ్మ పేరుకు ఎదురుగా పది అని ఉంది. నోటి ప్రశ్నల వైవాకు సున్నా వేసి, అది చాలదన్నట్టు స్లైడులోనూ రికార్డులోనూ సగానికి సగం కోసి, లెక్కపెట్టి మరీ పాసుకు ఒక్క మార్కు కిందకు దించాడు. పుస్తకంలో వాక్యం అప్పజెప్పిన పిల్లలకు, స్లైడు నల్లగా మాడిపోయినా సరే, ఇరవైకి తగ్గలేదు. సుబ్బరత్నానికి చెవులు వేడెక్కాయి.

ఆమె నెమ్మదిగానే మొదలుపెట్టింది. కట్టె చీలిస్తే చీల్చినవాడికి బలం వస్తుందా పోతుందా అని అడిగింది. హన్నమ్మ జవాబులో ఏ మాట తప్పో చూపించమంది. ఆయన చూపించలేదు. చూపించడానికి అందులో తప్పు లేదు, ఉన్నా కనిపెట్టేంత ఓపిక ఆయనకు లేదు.

“ప్రశ్న పుస్తకానిది, జవాబూ పుస్తకానిదే,” అన్నాడు. “మధ్యలో మీ తోడికోడళ్లెవరమ్మా?”

అయితే బంధం తెగితేనే శక్తి వస్తుందని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి, నేను వాల్తేరు పంపించి కనుక్కుంటాను అంది సుబ్బరత్నం. ఆయన ముఖం కందగడ్డ అయింది. ఒక ఆడమనిషి, అదీ పత్తి గోడౌను కాలేజీలో పాఠం చెప్పుకునే మనిషి, తనను సంతకం అడగడమేమిటని ప్రిన్సిపాలు మీద విరుచుకుపడ్డాడు. సీతారామారావు గడగడలాడాడు. ఎమర్జెన్సీ రోజులు, ఎవరు ఎవరి మీద ఏ అర్జీ పెడతారో తెలియదు. పైగా కాలేజీ గుర్తింపు ఏడాదికోసారి రాయించుకోవాలి. ఆయన సుబ్బరత్నాన్ని పక్కకు పిలిచి ఒక దారి చెప్పాడు. పిల్లను మళ్లీ పిలుద్దాం, పుస్తకంలో వాక్యం ఒక్కసారి అప్పజెబుతుంది, ఆయన మార్కు వేస్తారు, అందరి పరువూ దక్కుతుంది.

సుబ్బరత్నం ఒప్పుకుంది. ఆ ఒప్పుకోవడం తర్వాత తలచుకున్నప్పుడల్లా ఆమెకు వీరరాఘవయ్య మీద కంటే తన మీదే ఎక్కువ అసహ్యం వేసేది. అప్పటికి మాత్రం పత్తి చేనే కళ్లముందు ఆడింది. వరండాలోకి వెళ్లింది. హన్నమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. కబురు తెలిసి ఎరువుల గోడౌను నుంచి పరిగెత్తుకొచ్చిన అంతోనయ్య ఆమె పక్కన నిలబడి ఉన్నాడు, భుజాల మీద పొడి కూడా దులుపుకోలేదు.

ఒక్క మాట పుస్తకంలో ఉన్నట్టు చెప్పేసేయమ్మా, గండం గట్టెక్కుతుంది అంది సుబ్బరత్నం, ఆ పిల్ల ముఖంలోకి చూడకుండా.

“అది తప్పని మీరే చెప్పారుగా మేడం,” అంది హన్నమ్మ. “పరీక్షకి ఒకటి, నిజానికి ఒకటి ఉంటదని చెప్పలేదుగా.”

అంతోనయ్య కూతురిని కసురుతాడని అనుకుంది సుబ్బరత్నం. ఆయన తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు.

“పదేళ్ల నుంచి మోస్తున్నానండీ ఆ బస్తాలు,” అన్నాడు. “అందులో ఏముందో నాకు తెలీదు. నా బిడ్డకి తెలిసింది. తెలిసినందుకు తప్పిస్తే ఎట్టాగండి అమ్మగారూ?”

సుబ్బరత్నానికి సిగ్గేసింది. పాఠం చెప్పింది తాను, మాట మీద నిలబడింది పిల్ల. వెనక్కి తిరిగి లోపలికి వెళ్లి, కలం మూత పెట్టేసి, సంతకం పెట్టనని చెప్పింది. పిల్ల మళ్లీ రాదని, రావలసిన అవసరం కూడా లేదని చెప్పింది. ఎంత వేస్తే పెడతావని ప్రిన్సిపాలు బతిమాలాడు. ఆమె ఆ స్లైడును, రికార్డును, బోర్డు మీద బొమ్మను చూపించి ఇరవై ఆరు అంది.

వీరరాఘవయ్య బల్ల గుద్దాడు, పైకి రాస్తానన్నాడు, ఉద్యోగం ఊడగొట్టిస్తానన్నాడు. ఆమె కుర్చీలో నుంచి లేవలేదు. అయిదున్నరకు బెజవాడ బస్సు. సంతకం లేని జాబితా తీసుకుని వెళితే రేపు ఆయనే సంజాయిషీ చెప్పుకోవాలి. అయిదూ ఇరవైకి బస్టాండు వైపు నుంచి హారన్ వినపడింది. ఆయన వాచీ చూసుకుని, పళ్లు నూరి, పది కొట్టేసి పక్కన పదకొండు వేసి, పొట్టి సంతకం గీకాడు.

పాసైపోయిందిగా, ఇంకేం కావాలి తల్లీ అని చేతులు జోడించాడు సీతారామారావు. జాబితాలో ఇంకో పదిహేను మంది పిల్లల మార్కులు ఉన్నాయి. అది ఈ రాత్రి వెళ్లకపోతే వాళ్ల గతి ఏమిటన్నాడు. ఆ మాటకు సుబ్బరత్నం లొంగిపోయింది. కలం మూత తీసి సంతకం పెట్టింది. ఇరవై ఆరు రావలసిన పిల్లకు పదకొండు ముష్టి వేస్తే, ఆ ముష్టికి తాను సాక్షి సంతకం పెట్టినట్టయింది. మెట్ల మీద అంతోనయ్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడుతుంటే ఆమెకు ఏడుపొచ్చింది. అన్యాయం చేసి, అందులో కొంచెం తగ్గించి, దానికి దణ్ణాలు కూడా పెట్టించుకునే లోకం మీద ఆమెకు పట్టరాని కోపం వచ్చింది.

నెల తిరిగాక కాలేజీ కమిటీ ఆమెకు ఒక కాగితం ఇచ్చింది. తరగతిలో గృహ విషయాలు ప్రస్తావించినందుకు సంజాయిషీ ఇవ్వాలని, ఇకమీదట మానుకుంటానని రాయాలని అందులో ఉంది. ఆమె ఎ.టి.పి. బొమ్మ గీసి, కింద మానుకోను అని ఒక్క మాట రాసి ఇచ్చేసింది. ఉద్యోగం మాత్రం పోలేదు. తిరువూరుకు ఇంకో వృక్షశాస్త్రం లెక్చరరు దొరికితే కదా తీసేయడానికి.

హన్నమ్మ పాసై బెజవాడలో హాస్టల్లో ఉండి బీయస్సీ చదివింది. 1979 జూన్‌లో ఫస్టు క్లాసులో పాసైన సంగతి చెప్పడానికి బస్సు దిగి తిన్నగా సుబ్బరత్నం వాటాకే వచ్చింది. అప్పుడు గోవిందమ్మ కూడా అక్కడే ఉంది, చేటలో కందిపప్పు ఏరుకుంటోంది. హన్నమ్మ సంచీలోంచి ఒక గైడు తీసి ఇచ్చింది. ఇంటర్ పిల్లల కోసం కొత్తగా వచ్చిన ప్రశ్నలూ జవాబుల పుస్తకం. అట్ట మీద వీరరాఘవయ్య పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. హన్నమ్మ వేలు పెట్టి ఉంచిన పేజీలో ఇలా ఉంది. “ఎ.టి.పి. లోని మూడు ఫాస్ఫేటులను ముగ్గురు తోడికోడళ్లతో పోల్చవచ్చును. వారు కలహించుకొని బంధము తెంచుకొనినప్పుడు శక్తి వెలువడును.”

సుబ్బరత్నం రెండుసార్లు చదివింది. మూడేళ్ల కిందటి కుంపటి భగ్గున మండింది. ఈ పోలిక చెప్పినందుకే పిల్లకు సున్నా వేశాడు. ఇప్పుడు అదే పోలికను పేరూ ఊరూ లేకుండా ఎత్తుకుపోయాడు. ఎత్తుకుపోయినవాడు సరిగ్గానైనా ఎత్తుకుపోలేదు. ముందు పెట్టాల్సిన ఖర్చు లేదు, నీళ్లు లేవు, స్థిమితం లేదు. మళ్లీ ఆ బంధం తెగడం దగ్గరే ఆగిపోయాడు.

ఏముందే అందులో అని అడిగింది గోవిందమ్మ. సుబ్బరత్నం చదివి వినిపించింది. గోవిందమ్మ చేట పక్కన పెట్టింది.

“కొట్టుకుంటేనే శక్తి వచ్చేట్టయితే మన మిల్లుకి కరెంటెందుకే?” అంది. “ఎవడే వాడు?”

సుబ్బరత్నం బల్ల మీద నుంచి ఎర్రసిరా కలం తీసింది. ఆ రెండు వాక్యాల మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన పెద్ద సున్నా చుట్టింది. కలం నొక్కుడుకి కాగితం చిరిగింది.

హన్నమ్మ ఆ సున్నా వంక చూసింది.

“సున్నా వద్దు మేడం,” అంది. “పదకొండు వేయండి. పాసవ్వాలిగా పాపం.”

సుబ్బరత్నం సున్నా కొట్టేసి పదకొండు వేసింది. కింద సంతకం మాత్రం పెట్టలేదు.